ప్లాస్టిక్ చాప మీద నిలబడ్డ మనిషి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ "ఏదో కరెంటు పనిలెండి" అని తేల్చేసేది. దాంతో వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా, ఫ్యూజు పోయినా మా తలుపు తట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నేను చూసింది తీగల్లో పారే కరెంటు కాదు. ఎక్కడికీ పారకుండా వస్తువు మీదే కూర్చుండిపోయే కరెంటు. పుస్తకాల్లో దాన్ని స్థిర విద్యుత్తు అంటారు, ఫ్యాక్టరీల్లో అందరం స్టాటిక్ అనే అంటాం. రేణిగుంట, కాళహస్తి, పాకాల, చిత్తూరు చుట్టుపక్కల ఉన్న చిన్నా చితకా ఫ్యాక్టరీల్లో అది చేసే ఆగడాన్ని అణచడమే నా పని. రిటైరయ్యేదాకా ఇంకో పని చేయలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం రెండు ముక్కల్లో చెప్పండి" అంటారు. ఏ మీటరు కొనాలి, ఎర్తింగ్ ఎలా చూడాలి, అవీ వాళ్ళకు కావలసినవి. అవన్నీ ఫోన్లో వెతికితే దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది, అది రెండు ముక్కల్లో అయ్యేది కాదు. చదివి మీకు ఉత్సాహం వస్తుందని కూడా నేను అనుకోవడం లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో మీకు కూడా ఏదో ఒక రోజు ఇలాంటి గుమ్మం ఎదురవుతుంది.

వెంట్రుకల షెడ్డు

నాకు పని నేర్పింది పరమశివం గారు. వేలూరు వైపు మనిషి. సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడేవారు. కోపం వస్తే పూర్తిగా అరవమే. నేను చేరిన కొత్తలో ఆయన నన్ను తిరుపతి బయట ఒక వెంట్రుకల షెడ్డుకు తీసుకుపోయారు. కొండమీద మొక్కుగా ఇచ్చిన తలనీలాలు వేలంలో కొని, చిక్కు తీసి, పొడవును బట్టి కట్టలు కట్టే చోటు అది. వానలు వెనకబట్టి గాలి పొడిబారితే అక్కడ పని సాగేది కాదు. దువ్వెన తగిలేసరికి వెంట్రుకలన్నిటికీ ఒకే రకం ఛార్జ్ ఎక్కి, ఒకదాన్నొకటి తోసుకుని విచ్చుకునేవి. కట్టకు రాకుండా లేచి, దువ్వే ఆడవాళ్ళ ముఖాలకూ మెడలకూ అతుక్కునేవి. ఒకామె హడలిపోయి పని మానేసింది.

"మొక్కు సరిగ్గా తీరనోళ్ళ ఎంటికలు సార్ ఇవి. అమ్మితే ఊరికే పోతాయా? ఎనక్కి వస్తా ఉండాయి సూడండి" అంది మిగిలినవాళ్ళలో పెద్దామె.

నేను పకపకా నవ్వేశాను. డిప్లొమా చేతిలో ఉన్న వయసు. పరమశివం గారు నన్ను పక్కకు జరిపి పనిలోకి దిగారు. తడి గోనెపట్టాలు చుట్టూ వేలాడదీయించారు, ప్లాస్టిక్ దువ్వెనలు తీసేయించారు, వెంట్రుకలు మాట విన్నాయి. బయటికొచ్చాక అందుకున్నారు.

"ఏమప్పా, ఏం కండావని, ఏం సూసినావని ఆ నవ్వు? ఎంటిక లేచింది నిజమా, అబద్ధమా?"

"నిజమే సార్."

"ఆయమ్మ కళ్ళతో సూసిందే సెప్పింది. కారణం ఒక్కటే తప్పింది. నువ్వు నవ్వినంక నీ కారణం ఆయమ్మ చెవికి ఎక్కతాదా? మనం తీసేది ఎంటికలో ఉండే ఛార్జ్ కాదప్పా, మనిషిలో ఉండే భయం."

ఆ మాటకు ఆ రోజు తల ఊపాను గానీ, పెద్దాయన ఊరికే నీతులు చెబుతున్నాడనుకున్నాను. హడలిపోయి మానేసినామె మాత్రం మళ్ళీ పనికి రాలేదు.

ఛార్జ్ లేని కాగితం

తిరిగి వచ్చేటప్పుడు టీకొట్టు దగ్గర ఆపి ఆయన నాకు చేసి చూపించింది మీలో ప్రతి ఒక్కరూ బళ్ళో చూసే ఉంటారు. అయినా ఒకసారి మళ్ళీ చెబుతాను, ముందు ముందు అవసరం పడుతుంది.

కూల్‌డ్రింకు తాగే ప్లాస్టిక్ గొట్టాలు రెండు తీసుకుని ప్యాంటుకు రుద్దారు. ఒకదాన్ని దారానికి కట్టి రెండోదాన్ని దగ్గరికి తెస్తే మొదటిది పక్కకు తప్పుకుంది. రెంటి మీదా ఒకే రకం ఛార్జ్, కాబట్టి తోపులాట. దూరం సగానికి తగ్గిస్తే తోపు నాలుగింతలవుతుంది. ఇంతవరకూ నాకు తెలుసు. తర్వాత బీడీకట్ట మీది కాగితం చించి బల్ల మీద పోసి గొట్టాన్ని పైన పట్టారు. ముక్కలు ఎగిరి అతుక్కున్నాయి.

"ఈ కాగితాన్ని ఎవురూ రుద్దలేదే. దీని మీద ఛార్జ్ లేదే. ఎట్ల లేచింది?"

మార్కులు తెచ్చుకున్నాను గానీ ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు.

కాగితంలో ప్రతి రేణువులోనూ ప్లస్సూ మైనస్సూ సరిసమానంగా కలిసి ఉంటాయి. పక్కకు ఛార్జ్ ఉన్న వస్తువు వచ్చి నిలబడగానే ఒకటి ఇటు, ఒకటి అటు కాస్తంత జరుగుతాయి. అలా రెండు కొసలైన రేణువునే ద్విధ్రువం అంటారు. దగ్గరికి జరిగిన కొసను ఆ వస్తువు లాగుతుంది, దూరం జరిగిన కొసను తోస్తుంది. దగ్గరి కొస మీద బలం ఎక్కువ కాబట్టి చివరికి లాగుడే గెలుస్తుంది. అంటే ఏ పాపమూ ఎరగని కాగితం కూడా పక్కన ఉన్నదాని వల్ల ఒంట్లో చీలిపోయి, దాని వైపే పోతుంది. నీటి రేణువైతే పుట్టుకతోనే ద్విధ్రువం. అందుకే గాలిలో తేమ ఉన్నప్పుడు అది దేన్నయినా సన్నగా అంటుకుని పొరలా పరుచుకుంటుంది, ఆ పొర గుండా ఛార్జ్ మెల్లగా నేలలోకి జారిపోతుంది. వానాకాలంలో మమ్మల్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పొడి చలి మొదలైతే నా ఫోనుకు ఊపిరాడేది కాదు.

మనిషి శరీరానికీ ఇదే న్యాయం. కాకపోతే మన ఒంట్లో ఛార్జ్ రేణువులోనే జరిగి ఆగదు, తల నుంచి కాలి దాకా స్వేచ్ఛగా పారుతుంది. పాదం నేలను తాకుతూ ఉంటే ఏమీ పోగుపడదు. నేలతో సంబంధం తెగితే మనిషి నిండా ఛార్జ్ నిలబడుతుంది, వేలు ఇనుముకు దగ్గరగా పెడితే చిటుక్కుమని నిప్పురవ్వ. మామూలు గదిలో అది చీమ కుట్టినంత. పెట్రోలు లాంటి ఆవిరి ఉన్న గదిలో దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

యజమానులు

యజమానుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, ఎక్కువ చెబితే నోరు పాడవుతుంది.

ప్లాస్టిక్ ఫిల్ము చుట్టలు వేగంగా తిరిగే ప్రతి మిషను మీదా ఒక ముళ్ళబద్ద ఉండాలి. వరసగా సూదులు పొదిగిన బద్ద అది. కరెంటు ఇస్తే చుట్టూ గాలిని ఛార్జ్ చేసి, ఫిల్ము మీద పోగుపడినదాన్ని చల్లార్చేస్తుంది. మేం బిగించి వస్తాం. సూదులకు రంగు, దుమ్ము పట్టకుండా తుడవాలి. తుడవరు. తుడవని బద్ద పనిచేయదు. పనిచేయని బద్దకు కరెంటెందుకని ఆపేస్తారు. తనిఖీ రోజున స్విచ్చి వేస్తారు, ఎర్ర బల్బు వెలుగుతుంది, అందరూ సంతోషంగా టిఫిను తింటారు. బల్బు వెలిగినంత మాత్రాన బద్ద పనిచేస్తున్నట్టు కాదని నేను మొత్తుకుంటే, "మీరు మరీ ఎక్కువ భయపెడతారు రామ్మూర్తి గారూ" అనేవాళ్ళు. ఇలాంటివాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. కంటికి కనపడనిదాన్ని లెక్కచేయనివాళ్ళే అందరూ, ఆ లెక్కచేయకపోవడానికి ఇంకెవరో మూల్యం చెల్లిస్తారు.

స్వామి చాప

రేణిగుంట అవతల పాల ప్యాకెట్ల మీద, చిప్స్ ప్యాకెట్ల మీద రంగులు అచ్చువేసే ఫ్యాక్టరీ ఒకటుండేది. రంగు చిక్కబడితే అందులో సాల్వెంట్ కలుపుతూ ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తల తిరిగే ద్రవం, దాని ఆవిరికి నిప్పురవ్వ చాలు. ఆ పని చేసేవాడు మునికృష్ణ. ముప్పైఅయిదేళ్ళ లోపు మనిషి. నేను పోయినప్పుడల్లా మీటరు పట్టుకుని నా వెంటే తిరిగేవాడు, ప్రశ్నలు అడిగేవాడు కాదు, చూసేవాడు.

అతను ప్రతి ఏడాదీ అయ్యప్ప మాల వేసేవాడు. మాల వేసినన్నాళ్ళూ కాళ్ళకు ఏమీ తొడగరు కదా. ఫ్యాక్టరీలో వాళ్ళకు నల్ల బూట్లు ఇస్తారు, ఛార్జ్‌ని నేలలోకి వదిలే అడుగు అట్ట ఉన్న బూట్లు. ఎందుకిచ్చారో ఎవరికీ చెప్పలేదు, డ్రమ్ము కాలి మీద పడకుండా అనుకున్నారు వాళ్ళు. మేనేజరు మునికృష్ణను వట్టికాళ్ళతో రానిచ్చాడు. "దేవుడి విషయంలో మనమెందుకు అడ్డం" అన్నాడట. నిజానికి అందులో తప్పు లేదు. సిమెంటు నేల మీద చెమట పట్టిన వట్టి పాదం ఆ బూట్లంత మంచిదే.

అయితే సాల్వెంట్ పడే నేల అది. అరికాళ్ళలో నూనెంతా లాగేస్తుంది. కొన్నాళ్ళకు మునికృష్ణ మడమలు పగిలి రక్తం కారడం మొదలైంది. ఇంట్లో పూజకు ముందు కాళ్ళు కడుక్కుంటుంటే అతని భార్య రెడ్డెమ్మ చూసింది. తిరుచానూరులో జతగా కొన్న ప్లాస్టిక్ చాపల్లో ఒకదాన్ని మడిచి, "దీని మీద నిలబడు" అని చేతికిచ్చి పంపింది.

అతను దాన్ని నాలుగు మడతలు వేసి మిషను పక్కన పరుచుకున్నాడు. మాలలో ఉన్న మనిషిది కాబట్టి తోటివాళ్ళెవరూ దాన్ని తొక్కలేదు. పక్కనుంచి తిరిగి పోయేవాళ్ళు. రంగు పడితే తుడిచేవాళ్ళు, నీళ్ళు చల్లేటప్పుడు ఎత్తి పక్కన పెట్టేవాళ్ళు. దాన్ని స్వామి చాప అనేవాళ్ళు. మనుషుల్లో అంత మర్యాద ఉంది. ఆ చాప మురికి పట్టి, తడిసి, పదిమంది తొక్కి నలిగిపోయి ఉంటే ఛార్జ్ కొంతైనా నేలలోకి జారేది. వాళ్ళు దాన్ని పొడిగా, శుభ్రంగా, కొత్తదానిలా ఉంచారు.

పొడి చలి మొదలైన వారం. ముళ్ళబద్ద ఎప్పటినుంచో ఆగిపోయి ఉంది. ఛార్జ్ నిండిన ఫిల్ము పక్కనే పరుగెడుతోంది. మునికృష్ణ చాప మీద నిలబడి, వంగి, స్టీలు డ్రమ్ము మూత మీద చెయ్యి వేశాడు.

అతను కాలిన ఒంటితో కొద్ది రోజులు ఆస్పత్రిలో ఉండి, చనిపోయాడు.

గచ్చు మీద మరక

కారణం తేల్చమని నన్ను పిలిచారు. మేనేజరు అప్పటికే తేల్చేసుకుని ఉన్నాడు.

"సేఫ్టీ బూట్లు వేసుకోలేదు సార్. వట్టికాళ్ళు. అదే రాసెయ్యండి" అన్నాడు.

"వట్టికాళ్ళతో నేల మీద నిలబడి ఉంటే బతికేవాడయ్యా" అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఉద్దేశమూ లేదు.

డ్రమ్ము పక్కన గచ్చు మీద పచ్చగా ఏదో కరిగి గట్టిపడి ఉంది. గోరుతో గీకితే నేత కనపడింది. మునికృష్ణతో కలిసి అదే మిషను మీద పనిచేసే నాగరాజును పక్కకు పిలిచి అడిగాను. అతని చేతులకూ కాలిన మచ్చలున్నాయి, మంటల్లోంచి స్నేహితుణ్ణి లాగింది అతనే.

"స్వామి చాప సార్. వదిన ఇచ్చి పంపించింది. కాళ్ళు పగిలిపోయినాయని."

"నువ్వు నేల మీదే నిలబడ్డావా?"

"బూట్లేసుకొని నేల మీదే సార్. చాప తొక్కము గదా, తప్పు గదా."

నేను బద్ద విప్పి చూశాను. సూదులు రంగులో కూరుకుపోయి ఉన్నాయి. చాప సంగతీ, బద్ద సంగతీ రెండూ రిపోర్టులో రాశాను. బద్ద పనిచేసి ఉంటే ఫిల్ము మీద ఛార్జ్ ఉండేది కాదు, ఆ చాప వల్ల ఏమీ అయ్యేది కాదు, కాబట్టి మొదటి తప్పు ఫ్యాక్టరీదే అని కూడా రాశాను. మేనేజరు చాప అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. అతని ముఖం వికసించింది.

"ఇంటినుంచి తెచ్చుకున్న చాపా! అయితే తప్పు వాడిదే కదండీ!"

ఆ నిమిషాన నాకు ఈ ఉద్యోగం మీద అసహ్యం వేసింది. కారణం చెప్పడం నా పని అనుకుంటూ వచ్చాను అంతకాలం. కారణం అనేది గది మధ్యలో విసిరితే ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు ఏరుకుపోతారని అప్పుడు తెలిసింది. ఆ కాగితంలో చాప మాటను బద్ద మాట కిందికి తోసి, ఇద్దరం గట్టిగా అరుచుకున్నాక గానీ అతను సంతకం పెట్టలేదు.

బయటికి వస్తుంటే నాగరాజు వెనకాలే వచ్చాడు. "సార్, మీరొకసారి వాళ్ళింటికి రావాల. ఆడ వదినను బతకనిచ్చేటట్టు లేరు" అన్నాడు.

ఆ ఇంట్లో

మునికృష్ణ తల్లి మునెమ్మ అందరితోనూ ఒకటే మాట చెబుతోందట. దీక్షలో ఉన్న కొడుక్కి కోడలు ముట్టయిన రోజున వండి పెట్టిందని, అందుకే అయ్యప్ప అగ్గి పెట్టాడని. దినాలు అయిపోగానే రెడ్డెమ్మను పుట్టింటికి పంపేస్తారు, అయిదేళ్ళ పాపను తమ దగ్గరే ఉంచుకుంటారు. బంధువులందరూ కూర్చుని మాట్లాడుకున్నారు కూడా.

నాగరాజుతో కలిసి నేను పోయింది దినాల రోజే. వసారా నిండా జనం. రెడ్డెమ్మ లోపలి గది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది. ఆమె దగ్గర ఎవరూ కూర్చోలేదు. పాప నాయనమ్మ ఒళ్ళో ఉంది.

మునెమ్మ నన్ను చూసి లేవలేదు. "ఏం తేల్చినారయ్యా మీరు? మిషన్లు, మీటర్లు పెట్టి తేల్చేదేముండాది? ముట్టయి దాసిపెట్టింది. ఆ చేత్తోనే నా బిడ్డకు కూడేసింది. ఇంక ఆయనకేం బతుకుంటాది?"

రెడ్డెమ్మ తల ఎత్తలేదు. "ఇంట్లో ఎవురూ లేరు ఆ పొద్దు. ఆకలితో పంపిస్తానా" అంది నేలకేసి. ఎవరూ విననట్టే ఉండిపోయారు.

నాకు వెంట్రుకల షెడ్డు గుర్తొచ్చింది. నవ్వలేదు. ముట్టు లేదు గిట్టు లేదు, అదంతా మూఢనమ్మకం అనీ అనలేదు. అంటే ఆ ముసలామె నన్ను బయటికి గెంటేది, నేను గెంటించుకోవడం వల్ల రెడ్డెమ్మకు ఒరిగేదేమీ లేదు.

"అమ్మా, ఒక దువ్వెన ఇప్పించండి" అన్నాను.

ఎవరో పాపది ప్లాస్టిక్ దువ్వెన తెచ్చి ఇచ్చారు. నా తల మీద రుద్ది, కాగితం చించి నేల మీద పోసి పట్టాను. ముక్కలు లేచాయి. పాప ఒళ్ళోంచి ముందుకు వంగింది. ఇంట్లో చావు జరిగిన రోజున అలాంటి ఆట ఆడినందుకు నాకే సిగ్గేసింది.

"ఈ కాగితం ఏ తప్పు చేసిందమ్మా? దీన్ని నేను ముట్టుకోలేదు, రుద్దలేదు. పక్కనున్న దువ్వెన దీన్ని లేపింది. మీ అబ్బాయి కూడా ఏ తప్పూ చేయలేదు. అతనికి ఏ మైలా తగలలేదు. పక్కన తిరిగే ఫిల్ములో కరెంటు పోగైంది. దాన్ని చల్లార్చే బద్ద ఒకటుంటుంది, దాన్ని వాళ్ళు ఆపేసి పెట్టారు. అది అతని ఒంట్లో కరెంటు నింపింది. చెయ్యి పెట్టగానే రవ్వ పడింది. మీ కోడలు ఏం వండింది, ఎప్పుడు వండింది, దానికి తెలియదు."

వసారాలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "బద్ద ఆపేసినారంట" అన్నారు. మునెమ్మ మాత్రం నా ముఖంలోకే చూస్తోంది. ఆమె మూర్ఖురాలు కాదు. అక్కడున్న అందరిలోనూ సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"బద్ద అందరికీ ఆపినారు గదయ్యా. పక్కనే నిలబడుకొని ఉన్న నాగరాజుకు ఎందుకు కాలేదు? నా బిడ్డకే ఎందుకు అయింది?"

నాగరాజు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూడలేదు.

"డ్రమ్ము మూత తీసే పని మీ అబ్బాయిదమ్మా. నాగరాజు మూత ముట్టుకోలేదు" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా పూర్తిగా కాదు.

ఆమె చీర కొంగుతో ముఖం అదిమిపెట్టుకుని, "అయితే ఆ ఫ్యాక్టరీ వాళ్ళే సంపేసినారు నా బిడ్డను" అని గట్టిగా ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే తల తిప్పి, "ఆడ ఎందుకు కూసున్నావు, ఈడికి రా" అని కోడల్ని పిలిచింది. రెడ్డెమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. పాప తల్లి ఒళ్ళోకి మారింది.

నా జీవితంలో నేను చేసిన పనుల్లో అదొక్కటే పనికొచ్చిన పని అనిపించింది. కాఫీ ఇచ్చారు, తాగాను. చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాను.

వీధి మలుపు దగ్గర స్కూటరు తీస్తుంటే రెడ్డెమ్మ వచ్చింది. చంకలో చుట్టిన చాప ఉంది. పచ్చటిది, జతలో మిగిలిన రెండో చాప.

"సార్, మా తమ్ముణ్ణి ఫ్యాక్టరీవోళ్ళు ఆయన పనిలోకే రమ్మన్నారు. రేపట్నించి పోతాడు. మీరు ఆడికే పోతా ఉండారంట గదా, ఇది వాడికి ఇచ్చేస్తారా? వాడిది మా అమ్మోళ్ళ ఊరు, ఈ పక్క రాడు. గచ్చు మీద పొద్దంతా నిలబడితే కాళ్ళు పోతాయి సార్. ఆయన కాళ్ళు సూసినాను గదా."

చాప నా వైపు చాచింది.

తీసుకుని, తమ్ముడికి విడిగా చెప్పి, చాపను ఎక్కడో పారేయొచ్చు కదా అని మీరంటారు. ఇప్పుడు నేనూ అంటాను. ఆ నిమిషాన నా చేతులు ముందుకు రాలేదు. అదేదో నిప్పయినట్టు ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏమి సార్?"

"వద్దులేమ్మా. అక్కడ కింద ఏమీ పరవకూడదని కొత్త రూలు."

"బూట్లేసుకొని నిలబడినా కూడానా?"

"ఆఁ. బూట్లున్నా సరే."

"ఎప్పుడు పెట్టినారు సార్ ఆ రూలు?"

నేను స్కూటరు వైపు తిరిగి తాళం పెట్టాను.

"ఆయన పోయినంకనా?"

మీటరు పట్టుకుని ఎన్ని అబద్ధాలైనా పట్టగలను గానీ, నాకు అబద్ధం చెప్పడం రాదు. ఆమె నా ముఖాన్ని చూసింది, చేతిలో చాపను చూసింది. నాగరాజు నేల మీద నిలబడ్డాడని ఆమెకూ తెలుసు. అత్త అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె అక్కడ, ఆ మలుపులో, ఎవరూ చెప్పకుండానే కనుక్కుంది.

అప్పుడు చెప్పాను. చాప ఏం చేస్తుందో, నేల ఏం చేస్తుందో చెప్పాను. బద్ద పనిచేసి ఉంటే చాప ఉన్నా ఏమీ అయ్యేది కాదని మళ్ళీ మళ్ళీ చెప్పాను. బూట్లు ఎందుకిచ్చారో చెప్పని మేనేజరుదీ, మీ ఆయన కాళ్ళు పగులుతుంటే పట్టించుకోని కంపెనీదీ తప్పు అన్నాను. ఆమె అంతా శ్రద్ధగా వింది. పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదని పెంచినట్టున్నారు.

నేను ఆపాక అంది. "అయితే మా అత్త సెప్పిందే నిజం గదా సార్. నా చేత్తోనే పోయినాడు."

"కాదమ్మా" అన్నాను. నా గొంతు నాకే నమ్మేటట్టు వినపడలేదు. ఆమె చాప చంకలో పెట్టుకుని వెనక్కి నడిచింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను అడిగేది ఇదే అయితే నా దగ్గర సలహా లేదు. ఆమెకు చెప్పకపోతే ఆమె తమ్ముడు ఆ చాప మీద నిలబడేవాడు. ఒక ఇంట్లో సగం చెప్పి, మిగతా సగాన్ని వీధి మలుపులో చెప్పకుండా దాటిపోగలననుకోవడం నా తెలివితక్కువతనం. అంతకు మించి నాకేమీ తెలియలేదు, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

ఆ తర్వాత నాగరాజు ఒకసారి బస్టాండులో కలిశాడు. రెడ్డెమ్మ తమ్ముడు నేల మీదే నిలబడి పని చేస్తున్నాడని, బద్దను ఇప్పుడు వారం వారం తుడుస్తున్నారని చెప్పాడు. రెడ్డెమ్మ ఎలా ఉందని అడిగాను.

"పుట్టింటికి పోయింది సార్. ఎవురూ పొమ్మనలా. మునెమ్మవ్వ ఉండమని కాళ్ళా వేళ్ళా పడింది. పాపను అవ్వ దగ్గరే వదిలిపెట్టేసింది. నా చేత్తో బిడ్డకు ఏమియ్యాలన్నా భయమేస్తా ఉండాదన్నా, అనింది."